బరంపురం కోర్టు దగ్గరి అనువాదాల షాపు: ఆశ్రయం కాగితాలకు ఎంతవరకు పనికొస్తుంది?

గే అయినందుకు ఇక్కడ వేధించారని అమెరికాలో ఆశ్రయం అడిగేవాళ్ల ఒడియా ఎఫ్‌ఐఆర్‌లను ఇంగ్లీషులోకి మార్చడంలో ఈ షాపుకు వంక పెట్టలేం. ఒడియా కాగితంలో వెంకటరావు ‘బెంకట రావు’ అవుతాడు. దాన్ని దిద్దకుండా అలాగే ఉంచి, పాస్‌పోర్టులోని పేరు కింద నోట్‌గా వేస్తారు.

తేడా అనువాదానికి జతచేసే సర్టిఫికెట్ దగ్గర వస్తోంది. నోటరీ ముద్ర గుద్ది అయిపోయిందంటారు. అక్కడి ఇమిగ్రేషన్ కోర్టుకు అది చాలదు: తనకు ఆ భాష వచ్చని, అనువాదం సరైనదని అనువాదకుడే రాసి, పేరు వేసి సంతకం పెట్టాలి. పట్టుబట్టి రాయించుకోండి.

అఫిడవిట్లు మాత్రం వీళ్ల దగ్గర వద్దే వద్దు. అక్కకీ స్నేహితుడికీ అవే పేరాలు, పేర్లు మార్చి ప్రింటు తీస్తున్నారు! కేసు మొత్తాన్ని అనుమానించడానికి జడ్జికి అదొక్కటి చాలు. ఎవరు కళ్లారా చూసింది వాళ్ల మాటల్లో, తేదీతో ఉండాలి. 2018 నుంచి ఇండియాలో గే సంబంధం నేరం కాదుగా అని అక్కడి ప్రభుత్వ లాయరు ఎలాగూ అంటాడు. ఇంట్లోవాళ్లు కొట్టడం, స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోవడం, ఊరు మారినా వెంటపడటం, బలమంతా వీటిలోనే.

ఆశ్రయానికి పెట్టే దరఖాస్తు, ఐ-589 ఫారం, అమెరికాలో దిగిన ఏడాదిలోపు వేయాలి. గడువు దాటి, మినహాయింపూ దొరక్కపోతే విత్‌హోల్డింగ్ (ఆ దేశానికి వెనక్కి పంపకుండా ఆపే రక్షణ) లాంటివే గతి; వాటికి రుజువు ఇంకా గట్టిగా కావాలి.

ఇంకోటి, కాగితాలు కౌంటర్ మీదే పరిచి పెడతారు, వచ్చేపోయేవాళ్లంతా చదివేలా. ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, వాళ్ల కంప్యూటర్లోది మీ ఎదుటే డిలీట్ చేయించండి.