వెస్ట్‌మిన్‌స్టర్ నడక టూర్: తలకాయలు ఎక్కువ, చట్టాలు తక్కువ

ఇంగ్లండ్ రాజుల అధికారానికి చట్టం ఎలా కళ్లెం వేసిందో చూపిస్తామని చెప్పి నడిపించే టూర్ ఇది. రెండున్నర గంటలు, మనిషికి ముప్పై పౌండ్లు. వెస్ట్‌మిన్‌స్టర్ హాలు టికెట్టు అదనం. సంస్థ పేరు రాయడం లేదు. అక్కడ ఇలాంటివి బోలెడు, దాదాపు అందరిదీ ఇదే దారి. నేను గుంటూరు కోర్టులో సివిల్ ప్రాక్టీసు చేసి రిటైరైనవాణ్ణి. లండన్‌లో ఉన్న మా అబ్బాయి బుక్ చేస్తే ఆవిడా నేనూ వెళ్లాం.

ముందు మంచి చెబుతాను. గైడు కుర్రాడు హుషారైనవాడు, మనకు అర్థమయ్యేలా నిదానంగా మాట్లాడతాడు. మోకాళ్ల నొప్పులవాళ్లున్నారని చెబితే నడక తగ్గించాడు. ఎంత పిచ్చి ప్రశ్న అడిగినా విసుక్కోలేదు.

ట్యూబ్ స్టేషను బయటే నిలబెట్టి 1215 కథ ముగించేశాడు. రన్నీమీడ్ మైదానంలో జాన్ రాజు మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం మీద సంతకం చేయలేదు, ముద్ర వేయించాడు అన్నాడు. నిజమే. కానీ మూడు నెలలు తిరక్కుండానే రోమ్‌లోని పోప్ అది చెల్లదని కొట్టేసిన సంగతి ఎత్తలేదు. మరి ఎలా బతికింది? జాన్ పోయాక అతని కొడుకు హెన్రీ పేరుతో మళ్లీ మళ్లీ జారీ అయింది. 1225లో ఇచ్చింది కూడా ఊరికే కాదు, జనం చరాస్తుల్లో పదిహేనో వంతు పన్నుగా పుచ్చుకుని ఇచ్చారు. ఇంగ్లండ్‌లో రాజు దిగొచ్చిన ప్రతిసారీ చూడండి, వెనకాల ఖాళీ ఖజానా కనిపిస్తుంది. ఈ టూర్‌లో ఆ ఊసే లేదు.

అసలు పేచీ వైట్‌హాల్‌లో, బాంక్వెటింగ్ హౌస్ ముందు మొదలైంది. పార్లమెంటుతో యుద్ధం చేసి ఓడిన రాజు మొదటి చార్లెస్ తలను 1649 జనవరి 30న నరికింది ఈ భవనం బయటే. గుమ్మం పైన ఆయన తల బొమ్మ ఉంది. ఎదురుగా హార్స్ గార్డ్స్ గడియారంలో రెండు అంకె దగ్గర నల్లటి గుర్తు, ఆ వేళకే నరికారని. చలికి వణికితే భయపడ్డాడనుకుంటారని రాజు రెండు చొక్కాలు తొడుక్కున్నాడట. గైడు ఇదంతా సినిమా కథలా చెప్పాడు, జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. ఫొటోలతో కలిపి అరగంట. బస్సుల రొదలో సగం మాటలు వినపడలేదు. ముప్పై పౌండ్లు తీసుకునేవాళ్లు చెవికి పెట్టుకునే రిసీవర్లు ఇవ్వాలి.

ఆ తల తెగినందువల్ల అధికారానికి హద్దు పడలేదు. నాలుగేళ్లకే సైన్యాధిపతి క్రామ్‌వెల్ సైనికులతో వచ్చి పార్లమెంటును బయటికి తోలాడు. 1660లో చార్లెస్ కొడుకే రాజై తిరిగొచ్చాడు. హద్దు పడింది ఇదే భవనం లోపల, 1689 ఫిబ్రవరి 13న. ఆ కొడుకు తర్వాత రాజైన తమ్ముడు రెండో జేమ్స్ పారిపోయాక, జేమ్స్ అల్లుడు విలియమ్, కూతురు మేరీలను ఇక్కడ నిలబెట్టి హక్కుల ప్రకటన చదివి వినిపించి, ఆ తర్వాతే కిరీటం ఇస్తామన్నారు. అదే ఏడాది డిసెంబరులో అది బిల్ ఆఫ్ రైట్స్‌గా చట్టమైంది. పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు చట్టాన్ని పక్కన పెట్టకూడదు, పన్ను వేయకూడదు, శాంతికాలంలో సైన్యాన్ని ఉంచకూడదు. సభలో మాట్లాడిన మాట మీద కోర్టులో ప్రశ్నించకూడదు. ఇంకో కిటుకు, సైన్యాన్ని క్రమశిక్షణలో పెట్టే మ్యూటినీ చట్టాన్ని కొద్దికాలానికే ఇస్తూ వచ్చారు, గడువు తీరితే మళ్లీ పార్లమెంటే ఇవ్వాలి. కాబట్టి పార్లమెంటును పిలవకుండా ఏళ్లు గడపడం ఇక కుదరదు. మన రాజ్యాంగంలో చట్టం లేకుండా పన్ను కూడదనే 265వ అధికరణం, ఎంపీల వాక్స్వాతంత్ర్యం గురించిన 105వ అధికరణం ఈ కోవలోవే. గైడు దీన్ని నడుస్తూ నడుస్తూ రెండు వాక్యాల్లో తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది.

హాలు మాత్రం డబ్బుకు న్యాయం చేస్తుంది. 1097 నాటి కట్టడం, నడుమ ఒక్క స్తంభం లేకుండా పైన ఓక్ దూలాల కప్పు. చార్లెస్ విచారణ జరిగిన చోట నేలలో ఇత్తడి పలక ఉంది. ‘నన్ను విచారించే అధికారం మీకెక్కడిది?’ అని ఆయన చివరిదాకా వాదించి, నేరం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. వకీలుగా చెబుతున్నా, జూరిస్డిక్షన్ పాయింటు గట్టిదే. రాజును విచారించే చట్టం అంతకుముందు లేదు. 19వ శతాబ్దం దాకా పెద్ద కోర్టులు ఇక్కడే నడిచాయి. ఒకప్పుడు వాటి మధ్య పుస్తకాల అంగళ్లు కూడా ఉండేవి, మన కోర్టు వరండాలో స్టాంపులు, టైపు మిషన్లు ఉన్నట్టు. వారన్ హేస్టింగ్స్ విచారణ కూడా ఇక్కడే.

“ఏవండీ, ఎన్నాళ్లు విచారించారు?” అంది ఆవిడ.

“ఏడేళ్లు. 1795లో నిర్దోషి అని వదిలేశారు.”

“మన కోర్టులే నయం,” అనేసింది. గైడుకు అనువదించి చెప్పలేదు.

ఇక్కడా ఒక పేరు వినపడుతుందని చెవులు రిక్కించాను. అప్పటి చీఫ్ జస్టిస్ ఎడ్వర్డ్ కోక్. 1607లో రాజు మొదటి జేమ్స్ తానే కేసులు తీర్పు చెబుతానంటే, నాకూ బుద్ధి ఉంది కదా అంటే, చట్టం బుద్ధి వేరు, దానికి ఏళ్ల తరబడి చదువు, అనుభవం కావాలని జవాబిచ్చానని కోక్ రాసుకున్నాడు. 1610లో ఇంకో అడుగు ముందుకేసి, దేశ చట్టం అనుమతించినదే తప్ప రాజుకు వేరే విశేషాధికారం లేదన్నాడు. 1616లో రాజు ఆయన్ని పదవి నుంచి పీకేశాడు. పీకగలిగాడు, ఎందుకంటే అప్పుడు జడ్జి ఉద్యోగం రాజు దయ. 1701 చట్టం వచ్చాకగానీ సత్ప్రవర్తన ఉన్నంతకాలం జడ్జిని కదపకూడదని, తీసేయాలంటే ఉభయ సభలూ కోరాలని ఖరారు కాలేదు. రాజు అధికారానికి హద్దులు కోరిన 1628 పిటిషన్ ఆఫ్ రైట్ వెనక ఉన్నదీ ఈ కోకే. గైడు నోట ఒక్క ముక్క లేదు.

టూర్ పార్లమెంటు స్క్వేర్‌లో, బిగ్ బెన్ ఫొటోలతో అయిపోతుంది. అక్కడితో ఇంటికి రావద్దు. స్క్వేర్‌కు అవతలి పక్కన యూకే సుప్రీంకోర్టు ఉంది, పనిరోజుల్లో ఉచితంగా లోపలికి రానిస్తారు, కింద ఎగ్జిబిషన్, కాఫీ కూడా ఉన్నాయి. 2019 సెప్టెంబరు 24న పదకొండు మంది జడ్జీలు, ప్రధాని సలహాతో రాణి పేరు మీద జరిగిన పార్లమెంటు ప్రొరోగేషన్ (సమావేశాలను నిలిపేయడం) చెల్లదని ఏకగ్రీవంగా కొట్టేసింది ఈ కోర్టులోనే. తీర్పులో కోక్ 1610 మాటలను ఉదహరించారు. పదవి పోగొట్టుకున్న జడ్జి మాట నాలుగు వందల ఏళ్ల తర్వాత పనికొచ్చింది.

ఐదుకు మూడు ఇస్తాను. పిల్లలతో వెళ్లేవాళ్లకు నాలుగు, తల నరికిన కథ వాళ్లకు బాగా నచ్చుతుంది. లా చదివేవాళ్లు మాత్రం హాలు టికెట్టు ఒక్కటి కొనుక్కుని, మిగతాది సొంతంగా తిరగండి. దారిలో టాయిలెట్టుకు ఆపరు, బయల్దేరేముందే చూసుకోండి.