ఎం.వి.పి. కాలనీలో మేడ మీది వ్యాసరచన తరగతి: ఆరు వారాలు వెళ్ళి వచ్చాక

‘సముద్రం అనంతమైనది. ఎగిసిపడే అలలు మనసుకు ఎంతో ఆహ్లాదాన్ని కలిగిస్తాయి.’

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి విశాఖ సముద్రం గురించి రాసిన వ్యాసం ఇలా మొదలయింది. వాడు పుట్టింది ఈ ఊళ్ళోనే. అల్లిపురంలోని మా ఇంటి నుంచి బీచ్ రోడ్డుకు ఆటోలో ఎంతో సేపు పట్టదు. అయినా ఆ రెండు వాక్యాల్లో వాడు చూసిన సముద్రం లేదు. అవి అంతకు ముందు ఏడాది మేము చేర్పించిన ఒక ట్యూషన్ కేంద్రం ఇచ్చిన వాక్యాలు. అక్కడ ముప్ఫై వ్యాసాలు జిరాక్సు తీసి చేతికిచ్చి బట్టీ పట్టించారు. “అమ్మా, దీపావళి వ్యాసంలో దీపాలు తీసేసి గాలిపటాలు పెడితే సంక్రాంతి వ్యాసం అయిపోతుంది” అని వాడు ఒక సాయంత్రం చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. నేను దర్జీని. ఒకరి కొలతలతో కుట్టిన జాకెట్టు మరొకరికి తొడిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఈ తరగతి సంగతి ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన ఒక టీచరమ్మ చెప్పారు. ఎం.వి.పి. కాలనీలో ఒక ఇంటి మేడ మీద రేకుల షెడ్డు, అందులో రెండు పొడవాటి బల్లలు, గోడకు నల్లబల్ల. గేటుకు కట్టిన అట్ట మీద ‘తెలుగు రచన – శని, ఆదివారాలు’ అని తప్ప వేరే పేరు లేదు. పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు ఒక్కరే నడుపుతారు. ఆరు వారాలకు 1,800 రూపాయలు. ఒక జట్టుకు ఎనిమిది మంది పిల్లలు. తల్లిదండ్రులు వెనక బల్ల మీద కూర్చోవచ్చు, కానీ కూర్చున్నవాళ్ళు కూడా రాయాలి. ఈ నియమం వల్లే నేను కూడా ఆరు వారాలు రాశాను. కాబట్టి ఇది తల్లిగా చెబుతున్న మాటే కాదు, అక్కడ చదువుకున్న మనిషిగా చెబుతున్న మాట కూడా.

మొదటి రోజు మాస్టారు స్టీలు పళ్ళెంలో ఎనిమిది ఆల్చిప్పలు పోశారు. అన్నీ తెల్లనివే, ఇంచుమించు ఒకే సైజువి. తలా ఒకటి తీసుకుని పదిహేను నిమిషాలు దాన్ని వర్ణిస్తూ రాయాలి. తర్వాత చిప్పలన్నీ మళ్ళీ పళ్ళెంలో కలిపేసి, కాగితాలు పక్కవాళ్ళకు మార్చారు. కాగితం చదివి ఆ చిప్ప ఏదో పట్టుకోవాలి. మావాడు ‘తెల్లగా, నునుపుగా, ఎంతో అందంగా ఉంది’ అని రాశాడు. పక్కనున్న పిల్లవాడు పళ్ళెం ముందు నిలబడి ఒక్కొక్కటే తీసి చూసి చివరికి ఊరుకున్నాడు. ఒక అమ్మాయి మాత్రం ‘అంచు దగ్గర బియ్యపు గింజంత పగులు ఉంది, లోపలి గుంటలో నా బొటనవేలు సరిగ్గా ఇముడుతుంది’ అని రాసింది. ఆ చిప్ప వెంటనే దొరికింది.

“అందంగా ఉందన్నది నీ అభిప్రాయం, పగులు నువ్వు చూసినది. చూసినది ఇస్తే అభిప్రాయం చదివేవాళ్ళు తామే ఏర్పరచుకుంటారు” అన్నారు మాస్టారు. ఉన్నది ఉన్నట్టు మనసుకు హత్తుకునేలా చెప్పడాన్ని మన అలంకారశాస్త్రం స్వభావోక్తి అన్నదని, బళ్ళో పిల్లలు ఉపమనూ అతిశయోక్తినీ ఉదాహరణలతో వల్లించి దీన్ని పక్కన పెట్టేస్తారని చెప్పారు. ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారట పెద్దలు. ఆ వరుసలో నగరం, సముద్రం, పర్వతం ముందే వస్తాయి. ఈ మూడూ కైలాసగిరి మీద నిలబడితే ఒకేసారి కనిపించే ఊరు మనది. ఆ ఊరి పిల్లలు సముద్రాన్ని జిరాక్సు కాగితంలో చదువుకోవడమేమిటని ఆయన అడిగినప్పుడు వెనక బల్ల మీద మేమెవ్వరం మాట్లాడలేదు.

రెండో వారం రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామికి తీసుకువెళ్ళారు. టిక్కెట్లు ఎవరివి వాళ్ళవే. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న నౌక అది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. ఒక చివర ఎక్కి, గుండ్రటి ద్వారాల్లో తల వంచుకుంటూ నడిచి, రెండో చివర దిగాలి. వర్ణనకు వరుస ఎందుకు కావాలో దానికంటే సులువుగా చెప్పే చోటు మరొకటి లేదు. మధ్యలో ఇంజన్ల గది గురించి రాస్తూ మళ్ళీ మొదటి గదిలోని టార్పెడో గొట్టాల దగ్గరకు పరిగెత్తితే చదివేవాడి తల ద్వారానికి తగులుతుంది.

మూడో వారం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాం. ‘ఎరుపు’, ‘ఎర్రని’ అనే మాటలు వాడకూడదన్నది ఆ రోజు నియమం. పిల్లలు బిక్కమొహం వేశారు. నాకు మాత్రం నా కొట్టు గుర్తుకొచ్చింది. “మంచి గులాబీ రంగు దారం వేయండి” అని ఎవరైనా అంటే నేను గుడ్డ తెమ్మంటాను, ఎందుకంటే నా డబ్బాలోనే పదకొండు గులాబీలున్నాయి. దిబ్బ నీడ వైపు చూశాను. అక్కడ అది జాజు రంగు. ఎండ పడిన అంచు ఇటుక. నీరు కోసుకుపోయిన సన్నని చాళ్ళలో అడుగున తడి మిగిలిన చోట ఎండుమిరప తొడిమ దగ్గరి రంగు. మధ్యలో ఒక పొర మాత్రం పాత కావి పంచెలా వెలిసిపోయి ఉంది. ఒక్కొక్కటీ పైకి చదివాను. పిల్లలు పరిగెత్తుకు వెళ్ళి అవి ఎక్కడున్నాయో వెతికారు. ఇసుక రేణువులకు ఇనుము ఆక్సైడు పట్టడం వల్ల ఆ రంగు వచ్చిందని మాస్టారు తిరుగు దారిలో చెప్పారు. ముందు చెప్పి ఉంటే అందరం అదే రాసేవాళ్ళం. కన్ను చూసిన తర్వాతే సమాచారం, అన్నది ఆయన పద్ధతి. ఈ ఒక్క వారానికే కట్టిన డబ్బు చెల్లిపోయిందని నేను అనుకుంటున్నాను.

ఇక మావాడి సముద్రం. ఆ పాత వ్యాసం మాస్టారికి చూపిస్తే ఒక్క గీత కూడా పెట్టలేదు. పక్కన ప్రశ్నలు రాశారు: ఏ రేవు? ఎన్ని గంటలకు? నువ్వు ఎక్కడ నిలబడ్డావు? నీ కాళ్ళ కింద ఏముంది? దగ్గరగా ఏం వినబడింది, దూరంగా ఏం వినబడింది? జవాబు లేని చోట మళ్ళీ వెళ్ళి చూసి రా, అన్నారు.

వెళ్ళాం. మాఘమాసం చలిలో, తెల్లవారుజామున ఐదు గంటలకు, ఫిషింగ్ హార్బర్‌కు. మావాడు నోటు పుస్తకం పట్టుకుని ఒకే చోట, తాళ్ళు కట్టే ఇనుప దిమ్మ పక్కన నిలబడ్డాడు. చోటు మారకూడదని మాస్టారి షరతు. మొదట అరగంట ఏమీ రాయలేదు. తర్వాత వంచిన తల ఎత్తలేదు. ఆ ఉదయం తర్వాత వాడి వ్యాసం ఇలా మారింది:

‘ఐసు దిమ్మను యంత్రంలో వేయగానే రాళ్ళు నమిలినట్టు చప్పుడు. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా వేలంపాట వినబడుతోంది. నా చెప్పుల కింద నీళ్ళు పారుతున్నాయి, అందులో పొలుసులు. ఒక పెద్దమ్మ తట్టలో కానగంత చేపలను తలలన్నీ ఒకే వైపు వచ్చేలా సర్దుతోంది. పాట ఎంత పెరిగినా ఆమె తల ఎత్తలేదు. ధర అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆమె చేతులు ఆగాయి.’

మత్స్యకారుల జీవితం కష్టమయమని ఇందులో ఎక్కడా లేదు. ఆ చేతులు ఆగడం చదివినప్పుడు నా గొంతు పట్టేసింది. ‘రాళ్ళు నమిలినట్టు’ అన్న పోలికను కొట్టేయమని మాస్టారు అన్నారు. మొదటి నాలుగు వారాలు ‘లాగా’, ‘వలె’, ‘అన్నట్టు’ నిషేధం. నా కావి పంచెను కూడా అలాగే కొట్టేశారు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించను. బట్టీ పట్టిన పోలికలను ఆపడానికి ఆ నియమం మంచిదే. కానీ పిల్లవాడు తన చెవితో విని, తానే కట్టిన పోలికను తీసేయించడం తగదు. ఆ మాటే ఆయనతో అన్నాను. “రెండు వారాలు ఆగి మళ్ళీ చదవండి అమ్మా, అప్పటికీ నచ్చితే ఉంచండి” అన్నారు. ఆగాం. నచ్చింది. ఉంచాం.

నా వంతుకు నేను హుద్‌హుద్ తుఫాను గురించి రాశాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలి మధ్యలో ఆగినట్టే ఆగి మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొట్టడం, కరెంటు లేని రాత్రులు, పాల కోసం వరసలు, పలకని ఫోన్లు, ఆకు మిగలని కొండలు… నాలుగు పేజీలు నిండాయి. మాస్టారు చదివి, “అన్నీ నిజాలే. ఇందులో మీ ఒక్కరికే తెలిసినది ఏది?” అని అడిగారు.

వారం రోజులు మిషను తొక్కుతూ ఆలోచించాను. నా కొట్టు ముందు పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. పట్టపగలు కూడా లైటు వేసుకుని కుట్టేదాన్ని. తుఫాను మర్నాడు తలుపు తీసేసరికి చెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది, కొట్టు నిండా ఎండ. కరెంటు లేదు, అయినా పదకొండేళ్ళలో ఎన్నడూ లేనంత వెలుతురు. నేను నల్లదనుకుని వాడుతున్న ఒక దారం నిజానికి ముదురు నీలమని ఆ రోజు తెలిసింది. అప్పటిదాకా ఎన్ని నల్ల జాకెట్లకు దానితో కాజాలు కుట్టానో!

మళ్ళీ రాశాను, ఈసారి వెలుతురు గురించి మాత్రమే. పాల వరసలు పోయాయి. ఫోన్లు పోయాయి. గాలి సైతం ఒక్క వాక్యంలోకి ఒదిగింది. నాలుగు పేజీలు ఒకటిన్నర పేజీ అయింది. తుఫాను గురించి అంతకంటే గట్టిగా నేను ఏ మాటా చెప్పలేనని ఆ పేజీన్నర చదువుకున్నప్పుడు అనిపించింది. పట్టుకోవలసింది ఒక్కటి, మిగిలినదంతా దానికి లైనింగ్. ఈ మాట మాస్టారిది కాదు, నాది. ఆయన దాన్ని నల్లబల్ల మీద రాసుకున్నారు.

లోపాలు కూడా చెప్పాలి. దిద్దిన నోటు పుస్తకాలు తిరిగి రావడానికి రెండేసి వారాలు పడుతుంది. అప్పటికి పిల్లల్లో వేడి చల్లారిపోతుంది. ఎనిమిది మందికే ఇంత ఆలస్యమైతే ఎలా? మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కలేరు. రేకుల కింద పదకొండు గంటలు దాటితే ఉక్కపోత భరించడం కష్టం, ఉన్నది ఒక్క ఫ్యాను. పరీక్షలో గడియారం చూసుకుంటూ ఇరవై నిమిషాల్లో ఎలా రాయాలో ఆయన నేర్పరు. అది తన పని కాదంటారు. పిల్లలకు మాత్రం అదీ అవసరమే. మావాడు యూనిట్ పరీక్షలో హార్బర్ వ్యాసం రాస్తే, ఉపోద్ఘాతం, ముగింపు లేవని బళ్ళో సగం మార్కులు తగ్గించారు. వాడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. అందుకే చెబుతున్నాను, వచ్చే నెల పరీక్షల్లో మార్కులే లక్ష్యమైతే ఈ తరగతి మీకు పనికిరాదు. పిల్లలు తమ కళ్ళతో చూసి తమ మాటల్లో చెప్పాలని మీరు కోరుకుంటే, దూరమైనా బస్సెక్కి తీసుకువెళ్ళండి. పెద్దవాళ్ళు ఒంటరిగా చేరతామన్నా కాదనరు.

వెళ్ళేవాళ్ళు గీతల్లేని నోటు పుస్తకం, పెన్సిలు, తాగే నీళ్ళు తీసుకువెళ్ళండి. ఎర్రమట్టి దిబ్బల వారానికి టోపీ తప్పనిసరి. అక్కడి మట్టి చిటికెడు కూడా ఇంటికి తెచ్చుకోనివ్వరు, చెప్పుల అడుగున అంటినది సైతం అక్కడే దులుపుకుని రమ్మంటారు.

మా ఆరు వారాలు పూర్తయ్యాయి. చివరి రోజు మావాడికి మాస్టారు ఒక పని అప్పగించారు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలన్నీ రేవులోనే కట్టేసి ఉంటాయి. అదే ఇనుప దిమ్మ పక్కన, అదే ఐదు గంటలకు నిలబడి, ఐసు యంత్రం ఆడని రేవును రాసుకు రమ్మన్నారు. మేమిద్దరం 16వ తేదీ తెల్లవారుజామున వెళుతున్నాం.