నవారు మంచం మీద వేల్స్ కొండ: ఓఎల్ 23 పటం గురించి నాలుగు మాటలు

మా అమ్మాయి కార్డిఫ్ నుంచి వస్తూ "ఏం తెమ్మంటారు నాన్నా" అంటే అక్కడి సర్వే పటం ఒకటి తెమ్మన్నాను. ముప్ఫై ఏళ్లు అమలాపురం చుట్టుపక్కల లంకల్లో సర్వే గొలుసు లాగినవాణ్ణి, చాక్లెట్లేం చేసుకుంటానండీ! బ్రిటన్ సర్కారు పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 23 తెచ్చింది. కేడర్ ఇద్రిస్ కొండా, బాలా చెరువూ ఉన్న షీటు. నేల మీద కిలోమీటరుకి కాగితం మీద నాలుగు సెంటీమీటర్లు. బల్ల చాలక మంచం మీద పరిచి, ఫ్యాను ఆపి, మూలకో కొబ్బరికాయ పెట్టాను.

వారం నుంచీ ఒక్క ఊరి దగ్గరే ఉన్నాను: లాన్‌విహాంగెల్ అ పెన్నంట్. లోయ తలాపున మైకేల్ గారి చర్చి అని అర్థం. మనకి రెవెన్యూ గ్రామం ఎలాగో అక్కడ 1974 దాకా పారిష్ అలాగ. మా వైపు ఏటిగట్టే కొండ. అక్కడ 893 మీటర్ల కేడర్ ఇద్రిస్. ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూరు గీతలు దువ్వెన పళ్లలా ఉన్నాయి. అంత ఏటవాలులోనూ ప్రతి రాతిగోడా సన్నటి నల్లగీతగా దిగింది, మన ఎఫ్ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, గట్టు వేసినట్టే. పాత కట్టడాలకి కొక్కేల్లాంటి పాతకాలపు గోతిక్ అక్షరాల అచ్చు వాడారు. కాస్టెల్ అ బేరె అలాగే దొరికింది: 1221లో లెవెలిన్ రాజు మొదలెట్టిన కోట, 1283లో ఇంగ్లండు రాజు ఎడ్వర్డు చేతికి పోయింది. పలకరాయి గని, దాని కోసం 1865లో వేసిన చిన్న రైలుదారీ ఉన్నాయి.

లోయ వెంట కిందికి దిగితే పక్షిరాయి అనే గుట్ట. సముద్రం అక్కడికి మైళ్ల దూరం, అయినా నీటికాకులు దాని మీదే గూళ్లు పెడతాయి. ఒకప్పుడు అలలు ఆ రాతి దాకా వచ్చేవట. మేట వేసి సముద్రం వెనక్కి పోయింది, పక్షులు మాత్రం చోటు మార్చలేదు. ఇది నాకు కొత్త కాదండి. లంకలో మేం పాతిన సర్వేరాయి రెండు వరదలకి గోదారి పాలయ్యేది. రైతు ఒడ్డున నిలబడి "ఇదేనండి నా చేను" అని నీళ్లకేసి చెయ్యి చూపించేవాడు.

చుక్కలు అయిదుకి నాలుగున్నర. ఆ అర నా కళ్లద్దాలకి తగ్గించాను. భూతద్దం లేకపోతే ఊళ్ల పేర్లు చదవలేను. తడిసినా పాడవని రకం కూడా ఉంది, మన గాలికి అదే తీసుకోండి.

నేను ఆగిపోయిన ఆ లాన్‌విహాంగెల్ అమ్మాయే మేరీ జోన్స్. ఆరేళ్లు కానీ కానీ కూడబెట్టి, 1800లో, పదిహేనేళ్ల వయసులో, బైబిలు కొనుక్కోడానికి బాలా ఊరి దాకా పాతిక మైళ్లు నడిచింది. అమలాపురం నుంచి రావులపాలెం దాటి ఇంకా పోవాలి. ఆ దారి మీద మా ఆవిడ కుట్టుదారం పరిచి కొలుస్తున్నాను. మీటరున్నర పైనే పట్టేలా ఉంది. సగం కొలిచానో లేదో, వడియాలు పెట్టుకోవాలి, మంచం ఖాళీ చెయ్యమంటోంది.