చార్జింగ్ పాయింట్ ఎక్కడ పెడితే మేలు: బీచ్ రోడ్డా, హైవేనా, కాలనీయా?

ఎలక్ట్రిక్ కారు కొన్నప్పటి నుంచి తెలిసినవాళ్లంతా నన్ను ఇదే అడుగుతున్నారు. ఒకరికి విశాఖ బీచ్ రోడ్డు పక్కన ఖాళీ స్థలం ఉంది, ఇంకొకరికి హైవే మీద ఆనందపురం దగ్గర ఉంది. చార్జింగ్ స్టేషన్ పెడితే నడుస్తుందా అని.

నేను తిరిగి అడిగేది ఒక్కటే: అక్కడ బండి మామూలుగా ఎంతసేపు ఆగుతుంది? 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు 10 శాతం నుంచి 80 శాతానికి రావాలంటే 21 యూనిట్లు ఎక్కాలి. 30 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్‌తో దానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. 7.4 కిలోవాట్ల దానితో మూడు గంటలు, 3.3 కిలోవాట్ల పాయింటుతో ఆరు గంటల పైనే. మనం ఎలాగూ ఆగే టైము, చార్జర్‌కి పట్టే టైము కలిసిన చోటే మంచి చోటు.

ఆర్కే బీచ్ దగ్గర సాయంత్రాలు జనం గంటా గంటన్నర కూర్చుంటారు కాబట్టి లెక్క కుదురుతుంది. కానీ ఆదివారం సాయంత్రం క్యూ, మంగళవారం మధ్యాహ్నం ఖాళీ. పైగా ఉప్పుగాలి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో బాల్కనీ గ్రిల్లు చూడండి, రంగు కింద తుప్పు పొక్కులు పొక్కులుగా లేచి ఉంటుంది. అదే గాలి చార్జర్ పెట్టె కీళ్లకీ, కారుకి తగిలించే గన్ పిన్నులకీ తగులుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. పెట్టాలనే ఉంటే పాండురంగపురం వైపు ఒక వీధి లోపలికి జరిగి పెట్టుకోవడం నయం.

హైవే సంగతి వేరు. ఊరు దాటి వెళ్లేవాడికి ఫాస్ట్ చార్జర్ తప్ప వేరే దిక్కు లేదు. హైవేకి ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2019లోనే చెప్పింది. శ్రీకాకుళం వైపు వెళ్లేవాళ్లకు ఆనందపురం బాగుంటుంది. అరకు వెళ్లేవాళ్లకైతే నా ఓటు శృంగవరపుకోటకే. ఘాట్ ఎక్కుతుంటే బ్యాటరీ శాతం కళ్లముందే కరిగిపోతుంది, దిగేటప్పుడు మోటారే కరెంటు చేస్తుంది కాబట్టి కొంత తిరిగొస్తుంది. ఎక్కే ముందు ఎలాగూ టిఫినుకి ఆగే ఊరు అది.

మాల్ పార్కింగ్‌లో 7.4 చాలు, సినిమా అయ్యేసరికి పని అయిపోతుంది. ఊళ్లో పెట్రోల్ బంకు వద్దు, అక్కడ అయిదు నిమిషాలకు మించి ఎవరూ ఆగరు.

ఇక కాలనీలు. అవే 2019 మార్గదర్శకాలు నగరాల్లో 3 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గడికి ఒకటైనా ఉండాలన్నాయి. ఆ లెక్కన ఎంవీపీ కాలనీ మొత్తానికి ఒకటి పెట్టినా అప్పటి నిబంధన తీరినట్టే. కానీ బండి పది గంటలు కదలకుండా నిలబడేది ఇంటి ముందే కదా! మా పక్క వీధిలో ఒక డెలివరీ కుర్రాడు మూడో అంతస్తు నుంచి వైరు దించి రాత్రంతా స్కూటర్ చార్జ్ చేస్తాడు. జాయింటుకి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. వాన పడిన రాత్రి ఆ దారిన వెళ్లాలంటే నాకు టెన్షనే. అతనికి కావాల్సింది మూడు యూనిట్ల కరెంటు, ఒక మంచి సాకెట్టు, అంతే.

కాలనీలో కరెంటు లెక్క కూడా కలిసొస్తుంది. 100 కేవీఏ (మహా అయితే 100 కిలోవాట్లు మోసే) ట్రాన్స్‌ఫార్మర్ మీద 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ ఒక్కటి పెడితే సగానికి పైగా అదే లాగేస్తుంది. 3.3 పాయింట్లు పది పెట్టినా అన్నీ కలిపి 33 కిలోవాట్లే. మే నెలలో మాత్రం ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు అదీ బరువే, కాబట్టి అర్ధరాత్రి దాటాక మొదలయ్యేలా టైమరు పెట్టాలి.

స్థలం ఏదంటారా? రైతు బజార్ పార్కింగ్ రాత్రంతా ఖాళీగానే ఉంటుంది. గోడ వెంబడి పది సాకెట్లు, పైన రేకు, ఒక్కోదానికి ఒక మీటరు. తెల్లవారుజామున కూరగాయల బండ్లు వచ్చేలోపు మన బండి తీసేయాలన్నది ఒక్కటే షరతు.