ఉద్యం నంబరుతో నాలుగేళ్లు: ఆగిన బిల్లులు ఎంతవరకు కదిలాయి?

నేను హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ వీడియో ఎడిటర్‌ని. 2021లో ఒక కంపెనీకి శిక్షణ వీడియోలు చేసిచ్చాను. 85 వేల బిల్లు. "అకౌంట్స్‌లో ఉంది", "సార్ సంతకం పెట్టాలి", "ఈ శుక్రవారం పక్కా" అంటూ ఐదు నెలలు తిప్పారు. ఇంటి అద్దెకు తమ్ముణ్ని అడగాల్సి వచ్చింది. అప్పుడు మా సీఏ గారు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేసుకోమన్నారు. పని అయ్యాక చేసుకున్నది కాబట్టి ఆ పాత బిల్లుకు అక్కరకు రాదని ముందే చెప్పారు. అందుకే, మొదటి పని ఒప్పుకునే ముందే చేసుకోండి.

ఆధార్, పాన్ ఉంటే చాలు, అరగంట పని. ప్రభుత్వ సైట్‌లో పైసా ఫీజు లేదు. డబ్బు అడిగారంటే అది బయటివాళ్ల సైటే. ఫారంలో 'సర్వీసెస్' ఎంచుకోండి. ట్రేడింగ్ అని పెడితే ఆలస్యపు చెల్లింపుల రక్షణ దొరకదు.

చిన్న వ్యాపారాల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం మనలాంటి చిన్నవాళ్లకు 45 రోజుల్లోపు చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. నాకు ఆ వడ్డీ ఒక్కసారీ రాలేదు. కానీ నా ఉద్యం నంబరును, ఈ 45 రోజుల మాటను ఇన్వాయిస్ కింద రెండు లైన్లుగా వేయడం మొదలుపెట్టాక పేమెంట్లు ముందుకు జరిగాయి.

అసలు మార్పు 2024 మార్చిలో చూశాను. ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన వచ్చింది. గడువు దాటిన మన బిల్లు మార్చి 31 నాటికి కూడా చెల్లించకపోతే, ఆ ఏడాదికి దాన్ని పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవడం క్లయింట్లకు కుదరదు. రెండు నెలలుగా ఫోన్ ఎత్తని ఒక అకౌంటెంట్ తనే ఫోన్ చేసి, "మీ ఉద్యం సర్టిఫికెట్ కాపీ పంపుతారా అండీ?" అన్నారు. మూడో రోజుకల్లా డబ్బు పడింది, టీడీఎస్ పోను. ఆ రోజు నిజంగా కళ్లు చెమర్చాయి.

ఆలస్యపు చెల్లింపులపై ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సైట్ సమాధాన్ పోర్టల్‌లో మాత్రం ఒక క్లయింట్ మీద ఒక్కసారే ఫిర్యాదు పెట్టాను. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, నా కేసు ఏడు నెలలైనా విచారణకు రాలేదు. చివరికి వాళ్లే అసలు బిల్లు మొత్తం కట్టారు, నేను వడ్డీ వదులుకున్నాను, ఆ క్లయింట్ కూడా పోయారు. ఇన్వాయిస్, పర్చేజ్ ఆర్డర్, 'ఫైళ్లు అందాయి' అన్న మెయిల్ ఉన్నాయి కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది. మీరూ ఆ మెయిల్ తప్పకుండా తెప్పించుకోండి, రోజుల లెక్కకు అదే ఆధారం.

విదేశీ క్లయింట్లకు ఇదేదీ పనిచేయదు. వాళ్ల దగ్గర సగం అడ్వాన్స్ తీసుకున్నాకే ఎడిటింగ్ టైమ్‌లైన్ తెరుస్తాను.

ఇప్పుడు ఒక బిల్లు 38వ రోజులో ఉంది. 46వ రోజు పంపాల్సిన మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నాను.