ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ3: తెలియని స్ప్రెడింగ్ కోడ్‌ను రాబట్టే పనికి ఎంతవరకు పనికొస్తుంది?

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ3 యూఎస్‌బీకి గుచ్చే చిన్న రేడియో రిసీవర్, అందిన సిగ్నల్‌ను అంకెలుగా (శాంపిల్స్‌గా) కంప్యూటర్‌కు ఇస్తుంది. ఈ డాంగిల్‌ను ఎక్కువమంది కొనేది ఎఫ్‌ఎం వినడానికో, విమానాలు తామెక్కడున్నాయో చెప్పే ఏడీఎస్-బీ సిగ్నళ్లు చూడటానికో. ఇక్కడ దాన్ని తూచింది వేరే తక్కెడలో. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పదిమంది ఒకేసారి పంపుతుంటే, ఎవరి స్ప్రెడింగ్ కోడ్ (ఒక్కొక్కరి సిగ్నల్‌ను మిగతావాటినుంచి వేరుచేసే ±1ల వరుస) ఏదో ముందు తెలియకుండా, అందిన శాంపిల్స్‌లోంచే దాన్ని బయటికి తీయాలి. ఇందుకు జీపీఎస్ ఉపగ్రహాల ఎల్1 సిగ్నల్‌ని మించిన పరీక్ష లేదు. ఉపగ్రహాలన్నీ 1575.42 మెగాహెర్ట్జ్ మీదే పంపుతాయి. ఒక్కోదానికి 1023 చిప్‌ల (చిప్ అంటే కోడ్‌లోని ఒక్కో ±1) గోల్డ్ కోడ్ అనే స్ప్రెడింగ్ కోడ్, మిల్లీసెకనుకోసారి అదే మళ్లీ వస్తుంది. అసలు కోడ్‌లు అందరికీ తెలిసినవే కాబట్టి మన లెక్కను దిద్దుకోనూ వచ్చు.

డాంగిల్ ఒక్కో శాంపిల్‌ను కొలిచేది 8 బిట్లతో. "8 బిట్లేనా?" అని పెదవి విరిచేవాళ్లు చాలామంది. ఈ పనిలో అది అడ్డే కాదు. సిగ్నల్ నాయిస్ కింద దాదాపు 19 డెసిబెల్స్ లోతున ఉంటుంది. ఒక్క బిట్‌తో కొలిచినా పోయేది 2 డెసిబెల్స్ లోపే. అసలు పేచీ గడియారంతో. వీ3లో 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) టీసీఎక్స్‌ఓ, అంటే వేడి మారినా నిలకడగా ఉండే గడియారం ఉంది, డబ్బు పెట్టాల్సింది దానికే. అయినా 1 పీపీఎం తేడాకే కోడ్ సెకనుకు ఒక చిప్ జారుతుంది. పైన డాప్లర్ (ఉపగ్రహం కదలికవల్ల ఫ్రీక్వెన్సీ మారడం): 4 కిలోహెర్ట్జ్ ఉంటే సెకనుకు 2.6 చిప్‌లు. అందుకే ఒకేసారి లెక్కకు తీసుకునే రికార్డింగ్ 200 మిల్లీసెకన్లు దాటకూడదు. దాటించాలంటే ఒక్కో ఉపగ్రహం డాప్లర్‌కు తగ్గట్టు వేరువేరుగా రీశాంపుల్ చేసుకోవాలి (శాంపిల్స్ మధ్య ఎడం సరిచేసుకోవాలి).

శాంపిల్ రేటు సెకనుకు 2.046 మెగాశాంపిల్స్‌కు పెట్టండి. చిప్‌కు రెండు, మిల్లీసెకనుకు 2046 శాంపిల్స్ వస్తాయి, ముక్కలు కోయడం తేలిక. యాక్టివ్ ప్యాచ్ యాంటెన్నాకు కరెంటు డాంగిల్‌లోని బయాస్ టీయే (యాంటెన్నా తీగలోనే కరెంటు పంపే ఏర్పాటు) ఇస్తుంది. అది 4.5 వోల్టులు, 3.3కే ఓర్చుకునే యాంటెన్నా తగిలించొద్దు. ఏజీసీ (గెయిన్‌ను, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదును తనంతట తానే మార్చే ఏర్పాటు) ఆపి, శాంపిల్స్ స్టాండర్డ్ డీవియేషన్ 15 నుంచి 30 మధ్య ఉండేలా గెయిన్ ఖాయం చేయండి. చవక డాంగిళ్లు 1.5 గిగాహెర్ట్జ్ దగ్గర వేడెక్కి ఫ్రీక్వెన్సీ లాక్ వదిలేస్తాయి. వీ3లో థర్మల్ ప్యాడ్, అల్యూమినియం పెట్టె ఆ వేడిని లాగేస్తాయి. అయినా పావుగంట వేడెక్కనిచ్చి అప్పుడే రికార్డ్ చేయండి.

ఫైల్‌లో ఉండేవి ప్లస్-మైనస్ గుర్తు లేని 8 బిట్ అంకెలు. 127.5 తీసేయడం మరిచిపోతే మొదటి ఐగెన్‌వెక్టర్ (కింది లెక్కలో తేలే, శాంపిల్స్‌లో అన్నిటికన్నా బలంగా మళ్లీ మళ్లీ వచ్చే ఆకారం) చదునుగా గీత గీసినట్టు వస్తుంది, దాన్నే కోడ్ అనుకుని గంటలు పోగొట్టుకోవచ్చు.

200 మిల్లీసెకన్లను, ఒక్కో మిల్లీసెకను ఒక నిలువుగా, 2046 వరుసలు, 200 నిలువుల మ్యాట్రిక్స్‌గా పేర్చండి. 2046×2046 కోరిలేషన్ మ్యాట్రిక్స్ (ఏది దేనితో ఎంత పోలి ఉందో చెప్పే పట్టిక) కట్టే పని లేదు, 200×200ది కడితే అదే జవాబు చిటికెలో వస్తుంది. పెద్ద ఐగెన్‌వెక్టరే కోడ్, కాకపోతే ఎక్కడినుంచో మొదలై గుండ్రంగా తిరిగి ఉంటుంది, డాప్లర్ కూడా అంటుకుని ఉంటుంది. వెక్టర్‌ను వర్గం చేస్తే కోడ్ మాయమై డాప్లర్‌కు రెండింతల దగ్గర ఒక టోన్ మిగులుతుంది. ముతక అంచనా అక్కడ, నికరమైనది మిల్లీసెకను నుంచి మిల్లీసెకనుకు ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో) నడకలో. దాన్ని తీసేసి రెండేసి శాంపిల్స్ కలిపితే చిప్‌లు తేలతాయి. సిగ్నల్ 45 డెసిబెల్-హెర్ట్జ్ (1 హెర్ట్జ్ వెడల్పులోని నాయిస్‌తో పోల్చిన బలం) ఉంటే లెక్క ప్రకారం 1023లో ఒక తప్పు కూడా రాదు. 40కి పడితే పాతిక దాకా వస్తాయి. కిటికీలో పెట్టిన యాంటెన్నాకూ డాబా మీద పెట్టినదానికీ తేడా ఇదే.

రెండు ఉపగ్రహాల సిగ్నల్ బలం దాదాపు సమానమైతే ఐగెన్‌వెక్టర్లు కలగాపులగం అవుతాయి. జీపీఎస్‌లో డాప్లర్లు వేరు కాబట్టి ఆ ఫేజ్ నడకతోనే విడదీయొచ్చు. అసలు చిక్కు మన గగన్‌తో (జీపీఎస్‌ను సరిదిద్దే సమాచారం ఎల్1 మీదే పంపే భారత ఉపగ్రహ వ్యవస్థ). జీశాట్-8, జీశాట్-10 రెండూ భూస్థిరాలే, డాప్లర్ సున్నా దగ్గరే. ఫేజ్ నడక ఇక్కడ సాయపడదు, డేటా తేడా ఆధారంగా ఐసీఏ (కలిసిపోయిన స్వతంత్ర సిగ్నళ్లను విడదీసే లెక్క) నడపాల్సిందే. పైగా జీపీఎస్‌లో ఒక డేటా బిట్‌కు కోడ్ 20 సార్లు తిరిగితే, గగన్‌లో ఒక డేటా సింబల్‌కు రెండే సార్లు. మిల్లీసెకను నిలువు మధ్యలో గుర్తు తిరగబడటం ఎక్కువ, ఒక్కో ఉపగ్రహానికి కోడ్ తల ఒకటి, తోక ఒకటిగా రెండు ఐగెన్‌వెక్టర్లు వస్తాయి.

వచ్చిన చిప్‌లను బెర్లెక్యాంప్-మాసీకి (ఒక వరుసను పుట్టించే అతి చిన్న షిఫ్ట్ రిజిస్టర్‌ను కనిపెట్టే పద్ధతి) ఇవ్వండి. తప్పు లేని 42 వరుస చిప్‌లు చాలు. రిజిస్టర్ పొడవు 20 వస్తే సరే. 21 వస్తే గుర్తు తలకిందులైందని అర్థం, తిప్పి మళ్లీ ఇవ్వండి. ఇంకా పెద్దది వస్తే మధ్యలో తప్పు చిప్ ఉంది, చిప్‌లు తీసుకునే చోటు పక్కకు జరిపి చూడండి. జీపీఎస్ ఉపగ్రహాలన్నిటికీ పాలినామియల్ (ఆ రిజిస్టర్ సూత్రం) ఒకటే కాబట్టి, ఒకటి దొరికాక మిగతావాటికి 20 మంచి చిప్‌లు చాలు.

ఈ డాంగిల్ చేయలేనివీ ఉన్నాయి. జీపీఎస్ మరో సిగ్నల్ ఎల్5 కోడ్ సెకనుకు 10.23 మెగాచిప్‌లు, ఈ డాంగిల్ నమ్మకంగా ఇచ్చేది 2.4 మెగాశాంపిల్సే. భారత నావిగేషన్ వ్యవస్థ నావిక్ ఎస్-బ్యాండ్ సిగ్నల్ దీని ట్యూనర్ పరిధికే అందదు. ఆ రెండింటికీ 20 మెగాశాంపిల్స్ ఇచ్చే హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ అనే రేడియో వైపు చూడాలి, అయితే దాని సొంత గడియారం మామూలు క్రిస్టలే. 2007లో ఎగిరిన చైనా నావిగేషన్ ఉపగ్రహం కంపాస్-ఎం1 కోడ్‌లను స్టాన్‌ఫర్డ్ బృందం 1.8 మీటర్ల డిష్‌తో పట్టింది. ప్రచురించని కోడ్‌ల వెంట పడేవాళ్లు డాంగిల్ మార్చేముందు యాంటెన్నా సంగతి చూసుకోవడం మేలు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇదే పెట్టె, ఇదే పేరుతో నకిలీలు అమ్ముడవుతున్నాయి. రాగానే బయాస్ టీ ఆన్ చేసి ఎస్‌ఎంఏ (యాంటెన్నా తగిలించే కనెక్టర్) దగ్గర మల్టీమీటర్‌తో 4.5 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. ఆర్‌టీఎల్-టెస్ట్ అనే ప్రోగ్రామ్‌ను అరగంట నడిపి పీపీఎం అంకె ఒకచోట నిలబడుతోందో లేదో చూడండి. అదే పరుగులో శాంపిల్స్ పోయినట్టు హెచ్చరిక వస్తే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి, ఒక్క శాంపిల్ పోయినా కోడ్ అరచిప్ పక్కకు జరుగుతుంది.