ఆఫీసు నెట్‌వర్క్‌లో మ్యాక్: మూడేళ్లు వాడాక

మా ఫ్లోర్‌లో అందరివీ విండోస్ ల్యాప్‌టాప్‌లే. నాది ఒక్కటే మ్యాక్‌బుక్ ఎయిర్, 2020లో వచ్చిన ఎం1 మోడల్. మూడేళ్లకు పైగా రోజూ ఈ నెట్‌వర్క్ మీదే పని. ముందే చెప్పేస్తున్నా, వేగం విషయంలో దీనితో నాకు పేచీ లేదు. పేచీ అంతా "ఎవరు నువ్వు?" అని నెట్‌వర్క్ అడిగే చోటే వచ్చింది.

మొదటి రోజే మొదలైంది. నెట్‌వర్క్ చూసుకునే ఆయన ఫోన్ చేసి "మీ మ్యాక్ అడ్రస్ చెప్పండి" అన్నారు. "మూడో వరస, కిటికీ పక్కనండీ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఆయన అడిగింది నెట్‌వర్క్ కార్డుకు ఉండే పన్నెండు అక్షరాల హార్డ్‌వేర్ అడ్రస్. మా దగ్గర అలాంటి అడ్రస్‌ల జాబితా ఒకటుంది, దానికి ఎక్కిన యంత్రాలకే ఐపీ, అంటే నెట్‌వర్క్ మీద వాడుకునే నంబరు, దొరుకుతుంది. జాబితాకు ఎక్కాక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చాను. నెట్‌వర్క్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్‌ను నమ్మమంటావా అని మ్యాక్ ఒకసారి అడిగింది, సరేనన్నాను. ఆ తర్వాత మూత తెరిచేసరికే కనెక్ట్ అయి ఉండేది. చాలాకాలం నెట్ సంగతే మర్చిపోయాను.

గుర్తు చేసింది పాస్‌వర్డ్ మార్పు. మూడు నెలలకోసారి మార్చాలని మా రూలు. నేను కొత్తది పెట్టుకుంటే, పాస్‌వర్డ్‌లు దాచే కీచెయిన్‌లో ఉన్న పాతదానితో మ్యాక్ ఓ పక్క, ఫోన్ ఓ పక్క తలుపు తడుతూనే ఉన్నాయి. నాలుగైదు తప్పులు లెక్కకు రాగానే అకౌంట్ లాక్. మెయిల్ కూడా దానితోనే పోయింది. ఇలా రెండుసార్లు అయ్యాక బుద్ధొచ్చింది: ముందు రెండింటిలోనూ వైఫై ఆపేస్తాను, వైర్ మీద ఉండి పాస్‌వర్డ్ మారుస్తాను, తర్వాత వైఫై ఆన్ చేసి కొత్తది కొడతాను.

అసలు దెబ్బ సెకోయాకి మారాక తగిలింది. 2024లో వచ్చిన ఆ మ్యాక్‌ఓఎస్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్ అనే సదుపాయం ఉంది. ఐఫోన్‌లో 2020 నుంచీ ఉన్నదే. అసలు హార్డ్‌వేర్ అడ్రస్ దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో మారు అడ్రస్ చూపిస్తుంది. నేనేమో పాస్‌వర్డ్ గొడవలో ఆఫీసు వైఫైని ఫర్గెట్ కొట్టి మళ్లీ కలిపాను. పైన గుర్తు నిండుగానే ఉంది, ఒక్క పేజీ తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో వైఫై డీటెయిల్స్, టీసీపీ ఐపీలోకి వెళ్లి చూస్తే ఐపీ 169.254తో మొదలైంది. ఎవరూ ఐపీ ఇవ్వనప్పుడు మ్యాక్ తనకు తానే పెట్టుకునే నంబరది. అది తెలియక, పక్కనే ఉన్న, ఐపీ మళ్లీ ఇవ్వమని అడిగే రెన్యూ డీహెచ్‌సీపీ లీజ్ బటన్ పదిసార్లు నొక్కాను.

నెట్‌వర్క్ ఆయన వచ్చి, మ్యాక్ చూపిస్తున్న హార్డ్‌వేర్ అడ్రస్ వైపు ఒక్కసారి చూసి "రెండో అక్షరం చూడండి" అన్నారు. అక్కడ 2, 6, ఎ, ఇ లలో ఏదున్నా అది తయారీదారు ఇచ్చింది కాదు, అల్లుకున్న అడ్రసేనట. నాది ఎ. జాబితాలో ఉన్నది అసలు అడ్రస్, ఈ మారుది కాదు, అందుకే ఐపీ రాలేదు. ఆఫీసు వైఫైకి మాత్రం ఆ సదుపాయం ఆఫ్ చేశాం, రెండు నిమిషాల పని. బయటి వైఫైలకు ఆన్‌లోనే ఉంచుకోండి, మంచిదే.

వైఫై బలం చూడాలంటే ఆప్షన్ కీ పట్టుకుని పైనున్న గుర్తు నొక్కండి. సిగ్నల్ బలం చెప్పే ఆర్ఎస్ఎస్ఐ కనిపిస్తుంది, సున్నాకు దగ్గరైతే మంచిది. నా సీటు దగ్గర మైనస్ 50 చుట్టూ ఉంటుంది, మీటింగ్ రూంలో మైనస్ 76. వీడియో కాల్‌లో నా గొంతు ఎక్కడ తెగుతుందో వేరే చెప్పక్కర్లేదు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో నెట్ వేగం కొలిచే నెట్‌వర్క్‌క్వాలిటీ అనే కమాండ్ ఉంది, 2021 నాటి మ్యాక్‌ఓఎస్ మాంటెరీ నుంచీ. అందరూ పనిలో ఉన్న వేళ దాన్ని పదే పదే నడపకండి, లైను అందరిదీ.

సీట్లో ఉంటే నా ఓటు వైర్‌కే. ఎయిర్‌లో ఈథర్‌నెట్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ సీ అడాప్టర్ తప్పదు. గిగాబిట్‌ది తీసుకోండి, యూఎస్‌బీ 2 రకమైతే 480 మెగాబిట్ల దగ్గరే గోడ. నాది డ్రైవర్ అడగకుండానే పనిచేసింది. ఏ కనెక్షన్‌ను ముందు వాడాలో చెప్పే సర్వీస్ ఆర్డర్‌లో వైర్‌ను వైఫైకి పైన పెట్టుకోవాలి, లేకపోతే కేబుల్ గుచ్చి కూడా వైఫై మీదే నడుస్తుంటారు. నేను వారం రోజులు అలాగే నడిపాను.

ఇక్కడా అదే మెలిక: అడ్రస్ ల్యాప్‌టాప్‌ది కాదు, అడాప్టర్‌ది. ఓ రోజు పక్క టీమ్ అతను అరువడిగితే ఇచ్చాను. జాబితాలో లేని అతని ల్యాప్‌టాప్‌కు నెట్ వచ్చేసింది, నేను వేరే అడాప్టర్ పెడితే నాకు రాలేదు.

ప్రింటర్ తనంతట తాను కనిపించదు. అది వేరే సబ్‌నెట్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని వేరే భాగంలో ఉంది, పరికరాలను వెతికి చూపే బోంజోర్ అక్కడిదాకా పోదు. ఐపీ కొట్టి కలుపుకున్నాను. షేర్డ్ ఫోల్డర్లు ఫైండర్‌లో కమాండ్ కె నొక్కితే తెరుచుకుంటాయి, ఇబ్బంది లేదు. నేను తెరిచిన ప్రతి ఫోల్డర్‌లో ఫైండర్ తన కోసం రాసుకునే డీఎస్ స్టోర్ అనే ఫైలు మిగులుతోందని విండోస్ వాళ్లు ఇప్పటికీ సణుగుతుంటారు.

ఇప్పుడు అడాప్టర్ మీద చిన్న స్టిక్కర్ అంటించి దాని పన్నెండు అక్షరాలూ రాసుకున్నాను. స్పేర్‌గా ఇంకోటి కొన్నాను. దాన్నీ జాబితాకెక్కించమని అడిగి పది రోజులైంది.